నేల విడవని సాము

1997 అక్టోబరు 13న అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో, బ్లాక్ రాక్ ఎడారిలో ఒక కారు ధ్వనిని మించిన వేగంతో పరిగెత్తింది. వెళ్తూ ఒకసారి, తిరిగొస్తూ ఒకసారి. రెండు పరుగులూ గడియారాలకు చిక్కాయి. అయినా ఆ రోజు రికార్డు దక్కలేదు. రెండు పరుగులూ గంటలోపు ముగియాలన్నది నిబంధన. ఇంచుమించు ఒక్క నిమిషం ఆలస్యమైంది.

ఈ నిబంధన పెట్టింది అంతర్జాతీయ మోటారు సమాఖ్య ఎఫ్ఐఏ. ఒక మైలు, ఒక కిలోమీటరు పొడవున కొలత గీతలు గీస్తారు. కారు ముందే వేగం పుంజుకుని ఆ గీతల మధ్యనుంచి దూసుకుపోవాలి. గంటలోపు మళ్ళీ ఎదురు దిక్కునుంచి అదే దారిలో రావాలి. రెండింటి సగటునే లెక్కలోకి తీసుకుంటారు. వెనకగాలి తోడ్పాటు ఒకవైపు కలిసొస్తే రెండోవైపు అదే ఎదురుగాలి అవుతుంది, దారిలో కాస్త వాలు ఉన్నా అంతే. గంట గడువు చూడటానికి చిల్లర నియమంలా కనిపిస్తుంది కానీ, నా లెక్కలో అసలు పరీక్ష అదే. ఒక్కసారి గుడ్డిగా దూసుకుపోయి ముక్కలైపోయే యంత్రానికి రికార్డు ఇవ్వరు. పరుగు ముగించి, ఆగి, చల్లబడి, ఇంధనం నింపుకుని, కొత్త పారాచూట్లు బిగించుకుని, మళ్ళీ అదే సాహసం చేయగలగాలి.

రెండు రోజుల తర్వాత, అక్టోబరు 15న, అదే బృందం గడువులోపల పని ముగించింది. మైలు మీద సగటు వేగం గంటకు 1,227.985 కిలోమీటర్లు, అంటే 763.035 మైళ్ళు. కారు పేరు థ్రస్ట్ ఎస్ఎస్‌సి. నడిపింది బ్రిటిష్ వైమానిక దళ పైలట్ ఆండీ గ్రీన్. ఆ వేగంతో హైదరాబాదు నుంచి విజయవాడకు పదమూడు పద్నాలుగు నిమిషాల ప్రయాణం.

ఇలాంటి కారు గురించి చెప్పగానే అందరూ అడిగే మొదటి ప్రశ్న ఇంజను గురించే. ఎంత పెద్దది, ఎంత శక్తి, ఎంత తాగుతుంది? జవాబులు గొప్పగానే ఉంటాయి. ఫాంటమ్ యుద్ధవిమానానికి వాడిన రోల్స్‌రాయిస్ స్పే ఇంజన్లు రెండు, అటొకటి ఇటొకటి. గరిష్ఠ స్థాయిలో సెకనుకు దాదాపు 18 లీటర్ల ఇంధనం. అంటే కిలోమీటరుకు 50 లీటర్ల పైన. అయితే ఈ కార్ల చరిత్రలో అన్నిటికంటే తేలిగ్గా దొరికిన వస్తువు ఇంజనే. అది సైన్యం పాత సామాన్ల కొట్టులో కొనుక్కోగలిగినది. కొనుక్కోలేనివి వేరే ఉన్నాయి: చక్రం, నేల, నిలకడ, ఆగడం.

ముందు జెట్ ఇంజను ఎందుకు అవసరమైందో చూద్దాం.

నేలమీద వేగపు రికార్డుల లెక్క 1898లో ఫ్రాన్సులో మొదలైంది. మొదటి అంకె గంటకు 63 కిలోమీటర్లు, అదీ విద్యుత్తు కారుది. మరుసటేడు మరో విద్యుత్తు కారే మొదటిసారి గంటకు 100 కిలోమీటర్లు దాటింది. పెట్రోలు వాళ్ళు ఆ తర్వాత వచ్చారు. 1947లో జాన్ కాబ్ అనే ఇంగ్లీషు ఆయన రెండు విమాన పిస్టన్ ఇంజన్లు పెట్టిన కారులో 634 కిలోమీటర్ల సగటు సాధించాడు. అక్కడ కథ పదహారేళ్ళు ఆగిపోయింది.

ఆగడానికి కారణం గాలి, నేల కలిసి వేసిన లెక్క. గాలి నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది. వేగం రెండింతలైతే నిరోధం నాలుగింతలు, దాన్ని తట్టుకోవడానికి కావలసిన శక్తి ఎనిమిదింతలు. ఇంజను శక్తి పెంచుకుంటూ పోతే సరిపోదా? సరిపోదు. మామూలు కారు ముందుకు వెళ్ళేది చక్రం నేలను వెనక్కి నెట్టడం వల్ల. ఆ నెట్టుడు రాపిడిని మించితే చక్రం ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. రాపిడేమో కారు బరువుకు కట్టుబడి ఉంటుంది. పది టన్నుల కారు, నేల పట్టు అద్భుతంగా ఉందనుకున్నా, చక్రాలతో దాదాపు పది టన్నుల తోపును మించి పుట్టించలేదు. ఉప్పునేల మీద అంత కూడా రాదు. థ్రస్ట్ ఎస్ఎస్‌సి బరువు సుమారు పది టన్నులు. దాని రెండు ఇంజన్ల తోపు 22 టన్నులకు పైమాటే. చక్రాలు తిప్పి ఇంత తోపు తెప్పించడం ఎంత శక్తిమంతమైన ఇంజనుకైనా సాధ్యం కాదు.

జెట్ ఇంజనుకు నేలతో పనిలేదు. ముందునుంచి గాలి పీల్చి, నొక్కి, ఇంధనం కలిపి మండించి, వేడివాయువును మహావేగంతో వెనక్కి విసురుతుంది. విసిరినందుకు ప్రతిచర్యగా తాను ముందుకు పోతుంది. వెనకనున్న గాలిని ఆనుకుని నెడుతుందని చాలామంది అనుకుంటారు, అది పొరపాటు. విసరడమే నెట్టడం. చక్రాలు ఉత్తినే దొర్లుతుంటాయి.

ఉత్తినే దొర్లే చక్రాలున్నదాన్ని కారనవచ్చా అని అప్పట్లో పెద్ద గొడవే జరిగింది. 1964 జులైలో ఆస్ట్రేలియాలోని ఐర్ సరస్సు ఉప్పుమేట మీద డొనాల్డ్ క్యాంప్‌బెల్ తన బ్లూబర్డ్ కారులో గంటకు 403.10 మైళ్ళు, అంటే 648.7 కిలోమీటర్లు సాధించాడు. అందులో ఉన్నదీ టర్బైన్ ఇంజనే, కానీ అది చక్రాలను తిప్పింది. చక్రాల తోపుతో నడిచి, నేలమీద అన్ని వాహనాల్లోకీ వేగవంతమైనదన్న అధికారిక గుర్తింపు పొందిన ఆఖరి కారు అదే. మూడు నెలలు తిరగకుండా జెట్ కార్లు దాన్ని దాటేశాయి. నాకైతే చక్రాలు నేలమీద ఉండి, లోపల కూర్చున్న మనిషి చేతిలో దాని దారి ఉన్నంతవరకు అది కారే.

ఇక ఇంజన్ల సంత సంగతి. కొరియా యుద్ధంలో ఎగిరిన సేబర్ విమానాల జె47 ఇంజన్లు యాభైల చివరికి మిగులు సామానుగా అమ్మకానికొచ్చాయి. 1960లో లాస్ ఏంజెలెస్ వైద్యుడు నేథన్ ఆస్టిచ్ అలాంటి ఇంజనుతో యూటా రాష్ట్రంలోని బానవిల్ ఉప్పుమైదానానికి వెళ్ళాడు. రికార్డు రాలేదు. 1962లో గ్లెన్ లీషర్ అనే యువకుడు అక్కడే జెట్ కారులో ప్రాణాలు పోగొట్టుకున్నాడు. మరుసటేడు, 1963 ఆగస్టు 5న, కాలిఫోర్నియాలో ఒకప్పుడు అగ్నిమాపక ఉద్యోగం చేసిన క్రెయిగ్ బ్రీడ్‌లవ్ కొన్ని వందల డాలర్లకు కొన్న జె47ను మూడు చక్రాల బండికి బిగించి 655 కిలోమీటర్ల సగటు తెచ్చాడు. బండి పేరు స్పిరిట్ ఆఫ్ అమెరికా. మూడు చక్రాలున్నాయి, ఆ చక్రాలకు ఇంజను తోపు లేదు కాబట్టి ఇది కారే కాదంది ఎఫ్ఐఏ. మోటారు సైకిళ్ళ సమాఖ్య మాత్రం సైడ్‌కార్ ఉన్న మోటారు సైకిలుగా లెక్కకట్టి రికార్డు రాసుకుంది! తర్వాత నిబంధనలు మార్చి జెట్ కార్లకూ చోటిచ్చారు.

వీళ్ళందరిలోకీ నాకు బాగా నచ్చే మనిషి ఆర్ట్ ఆర్ఫన్స్. ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్ ఊరివాడు. ఇంజనీరింగ్ చదువు లేదు, చేతిపని ఉంది. స్టార్‌ఫైటర్ యుద్ధవిమానపు జె79 ఇంజను ఒకటి ఏదో వస్తువు లోపలికి పోయి బ్లేడ్లు పాడై తుక్కు కింద పడి ఉంటే సుమారు 5,000 డాలర్లకు కొన్నాడు. మరమ్మతు పుస్తకం ఇమ్మని తయారీ కంపెనీని అడిగితే కుదరదన్నారు. సరే అని తనే విప్పాడు. దెబ్బతిన్న బ్లేడ్లు తీసేసి, మిగిలినవాటి తూకం సరిచేసి బిగించాడు. పనిచేస్తుందో లేదో చూడటానికి షెడ్డు వెనక చెట్లకు కట్టేసి ముట్టించాడు. పనిచేసింది. దాని చుట్టూ చేతికి దొరికిన భాగాలతో కట్టిన కారు గ్రీన్ మాన్‌స్టర్.

1964 అక్టోబరులో బానవిల్‌లో జరిగింది చదువుతుంటే ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు. 2వ తేదీన ఆర్ట్ సవతి సోదరుడు వాల్ట్ కట్టిన వింగ్‌ఫుట్ ఎక్స్‌ప్రెస్‌ను టామ్ గ్రీన్ నడిపి 665 కిలోమీటర్ల రికార్డు పెట్టాడు. మూడు రోజులకు ఆర్ట్ దాన్ని 698కి పెంచాడు. 13న బ్రీడ్‌లవ్ 754 చేశాడు, మళ్ళీ 15న 847. 27న ఆర్ట్ 864. ఒక్క నెలలో అయిదు రికార్డులు, రెండు వందల కిలోమీటర్ల పెరుగుదల. అన్నదమ్ములిద్దరికీ మాటల్లేవు. వాల్ట్ వెనకా బ్రీడ్‌లవ్ వెనకా గుడ్‌ఇయర్, ఆర్ట్ వెనక ఫైర్‌స్టోన్. ఆ రెండు టైర్ల కంపెనీల సొంతూరు కూడా ఆక్రనే. ఇంటి తగాదా, ఊరి తగాదా కలిసి ఉప్పుమైదానం మీద తేల్చుకున్నారన్నమాట.

ఇందులో అక్టోబరు 15 పరుగు దగ్గర ఆగాలి. బ్రీడ్‌లవ్ రికార్డు పూర్తిచేశాడు, ఇక ఆగాలి. పారాచూట్లు తెగిపోయాయి. బ్రేకులు తొక్కితే కాలిపోయాయి. బండి దాదాపు పది కిలోమీటర్ల పొడవున చారలు గీసుకుంటూ పోయి, టెలిఫోను స్తంభం ఒకటి విరిచి, మట్టికట్ట ఎక్కి, అవతలి ఉప్పునీటి మడుగులో ముక్కు దూర్చి నిలబడింది. బ్రీడ్‌లవ్ ఈదుకుంటూ బయటికొచ్చాడు. వచ్చి, తర్వాతి అంశంగా ఒంటికి నిప్పంటించుకుంటానని చమత్కరించాడు. అంతటి వేగాన్నిచ్చిన ఇంజను చివరిదాకా నిక్షేపంగా ఉంది. ఓడిపోయింది గుడ్డ పారాచూటు.

1965లో నవంబరు 2న బ్రీడ్‌లవ్ కొత్త బండితో 894 చేశాడు. అది కాస్త నిలవాలంటే ఆర్ట్‌కు ఉప్పుమైదానం ఖాళీ దొరక్కూడదు. అందుకని 4న బ్రీడ్‌లవ్ భార్య లీ అదే బండి నడిపి, మహిళల్లో రికార్డుగా 496 కిలోమీటర్లు నమోదు చేసింది! ఆ ఎత్తు మూడు రోజులే పనిచేసింది. 7న ఆర్ట్ దాదాపు 928 చేశాడు, పరుగు చివర టైరు పేలి లోపలంతా పొగ నిండినా బతికి బయటపడ్డాడు. 15న బ్రీడ్‌లవ్ 966తో గంటకు 600 మైళ్ళ గీత దాటాడు. మరుసటేడు నవంబరులో ఆర్ట్ మళ్ళీ ప్రయత్నించాడు. పరుగు మధ్యలో చక్రపు బేరింగు పట్టేసి, బండి పల్టీలు కొట్టి తునకలైంది. మనిషి చిన్న గాయాలతో లేచాడు. అదృష్టం అనే మాటను సైన్సు పుస్తకంలో వాడకూడదంటారు, ఇక్కడ ఇంకో మాట నాకు దొరకలేదు.

పారాచూటు, టైరు, బేరింగు. వరసగా చూస్తే ప్రమాదాలన్నీ వాటి దగ్గరే పుట్టాయి. చక్రం సంగతే తీసుకుందాం. తిరిగే చక్రపు అంచున ఉన్న ప్రతి రేణువూ తిన్నగా పోవాలని చూస్తుంది, చక్రం దాన్ని లోపలికి లాగి పట్టుకోవాలి. ఆ లాగుడు వేగం వర్గంతో పెరుగుతుంది. గంటకు 1,690 కిలోమీటర్ల కోసం తయారుచేసిన బ్లడ్‌హౌండ్ అనే కారు చక్రం మీటరుకన్నా కాస్త తక్కువ వ్యాసం, సుమారు 90 కిలోల బరువు. ఆ వేగంలో నిమిషానికి దాదాపు 10,000 సార్లు తిరగాలి. అప్పుడు అంచున భూమ్యాకర్షణకు 50,000 రెట్లు బలం పడుతుంది. అంటే అంచున ఒక గ్రాము లోహం 50 కిలోల బరువున్నట్టు బయటికి గుంజుతుంది. రబ్బరు దీనికి తట్టుకోలేదు. అందుకే ఎనభైలనాటి థ్రస్ట్-2 నుంచి ఈ పరుగుపందేలలో టైర్లు లేని అల్యూమినియం మిశ్రలోహపు చక్రాలొచ్చాయి.

చక్రం లోహమైతే నేల మెత్తగా ఉండాలి, అదే సమయంలో గట్టిగానూ ఉండాలి. బానవిల్ ఉప్పు పలక రబ్బరు టైర్లకు బాగుంటుంది, లోహానికి మరీ కరకు. బ్లాక్ రాక్ ఎడారి ఒకప్పటి సరస్సు అడుగు. చలికాలంలో నీళ్ళు నిలుస్తాయి, ఎండాకాలానికి ఆరిపోతాయి. ఏటేటా నీరే దాన్ని చదును చేసిపెడుతుంది. ఆ బంకమన్ను మీద లోహచక్రం కొద్దిగా దిగి పట్టు దొరకబుచ్చుకుంటుంది. అయితే ఒక్క గులకరాయి చాలు ఇంజను లోపలికి పోయి బ్లేడ్లు విరగ్గొట్టడానికి. అందుకని పరుగుకు ముందు జనం వరసగా నిలబడి, మైళ్ళ కొద్దీ నడుస్తూ, వంగి రాళ్ళు ఏరతారు. బ్లడ్‌హౌండ్ కోసం దక్షిణాఫ్రికాలోని హాక్స్‌కీన్ పాన్‌లో దాదాపు 20 కిలోమీటర్ల పొడవు, కిలోమీటరు వెడల్పు నేలను సిద్ధం చేయాల్సివచ్చింది. అక్కడి స్థానికులు 300 మందికి పైగా చేత్తో ఏరి తీసిన రాళ్ళు 16,500 టన్నులు. ఈ రంగంలో నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచే అంకె అదే. ధ్వనిని మించాలనుకున్న బండికి దారి చేసింది మనుషుల చేతులు.

1970లో గ్యారీ గాబెలిచ్ బ్లూ ఫ్లేమ్ అనే రాకెట్ కారులో గంటకు వెయ్యి కిలోమీటర్లు దాటాడు. జెట్ వర్గానికి అది పదమూడేళ్ళ వెనకబాటు. దాన్ని పూడ్చినవాడు రిచర్డ్ నోబుల్, ఇంజనీరు కాదు, డబ్బు పోగేయగలవాడు, ఒప్పించగలవాడు. మొదటి బండి కోసం తన సొంత కారు అమ్మేశాడు. 1977లో ఆ బండి తలకిందులై తుక్కయింది. ఆ తర్వాత జాన్ అక్రాయిడ్ రూపకల్పన చేసిన థ్రస్ట్-2లో లైట్నింగ్ విమానపు రోల్స్‌రాయిస్ ఎవన్ ఇంజను పెట్టారు. 1965, 71 యుద్ధాల్లో మన వైమానిక దళం ఎగరేసిన హంటర్ విమానాల ఇంజన్లూ ఆ ఎవన్ కుటుంబానివే. 1983 అక్టోబరు 4న నోబులే నడిపి 1,019 కిలోమీటర్ల రికార్డు తెచ్చాడు. ఇంకాస్త వేగం పెరిగి ఉంటే ముక్కు పైకి లేచి కారు గాల్లోకి ఎగిరేదని తర్వాత లెక్కలు తేల్చాయి.

ఆ ముక్కు లేవడమే ఈ అధ్యాయంలో అసలు చిక్కు.

విమానం ధ్వనివేగాన్ని దాటితే దాని చుట్టూ గాలి ఒక్కసారిగా నొక్కుకుపోయి పుట్టే ఆఘాత తరంగాలు నలుదిక్కులా విస్తరించి పోతాయి. కారుకు కింద నేల ఉంది. అడుగుభాగానికీ నేలకూ మధ్య జానెడు సందులో గాలి ఇరుక్కుంటుంది. అక్కడ గాలి వేగం కారు వేగానికంటే ముందే ధ్వనివేగాన్ని అందుకోవచ్చు. ఆఘాత తరంగం నేలకు తగిలి తిరిగి కారు పొట్టకే కొడుతుంది. ఆ ఒత్తిడి ఎక్కడ పడుతుందనే దాన్నిబట్టి కారు నేలకు అతుక్కుపోవచ్చు, లేదా గాల్లోకి లేవవచ్చు. ముక్కు కోణంలో డిగ్రీలో కొద్ది భాగం తేడా వచ్చినా టన్నుల కొద్దీ బలం తారుమారవుతుంది. వేగం 1,100 దగ్గర ఒక రకంగా, 1,200 దగ్గర ఇంకో రకంగా మారుతుంది. మెల్లగా నడిపి నేర్చుకుని వేగం పెంచుదామంటే, మెల్లగా ఉన్నప్పుడు నేర్చుకున్నది అక్కడ చెల్లదు.

ఈ చిక్కు విప్పినవాడు రాన్ ఏయర్స్. అంతకుముందు బ్రిటన్‌లో క్షిపణుల వాయుగతి శాస్త్రం మీద పనిచేసి రిటైరై, బ్రూక్‌లాండ్స్ మ్యూజియంలో స్వచ్ఛందంగా సాయపడుతున్నాడు. నోబుల్ కలిసి ధ్వనిని మించే కారు గురించి చెప్పినప్పుడు మొదట అనుమానించాడు. తర్వాత కాగితం, పెన్సిలు తీశాడు. మామూలుగా విమాన నమూనాలను గాలి సొరంగంలో పరీక్షిస్తారు. కారుకు అది చాలదు, ఎందుకంటే అక్కడ నేల కూడా గాలితో సమంగా కదలాలి, ధ్వనివేగంలో కదిలే నేలను సొరంగంలో పెట్టడం సాధ్యం కాదు. ఏయర్స్ రెండు వేరువేరు దారులు ఎంచుకున్నాడు. ఒకటి, స్వాన్సీ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ మీద గాలి ప్రవాహాన్ని లెక్కకట్టడం. రెండోది, వేల్స్ తీరంలోని పెండైన్‌లో రాకెట్ బండి మీద చిన్న నమూనాను బిగించి పట్టాల వెంట ధ్వనిని మించిన వేగంతో నిజంగానే తోలడం. ఒకదానితో ఒకటి సంబంధం లేని ఈ రెండు పద్ధతుల ఫలితాలూ దగ్గరదగ్గరగా కలిశాయి. అప్పటికిగాని కారు కట్టడం మొదలుపెట్టలేదు. తుక్కు ఇంజనును చెట్టుకు కట్టి ముట్టించిన ఆర్ట్ అంటే నాకు ఇష్టమే. కానీ ధ్వనివేగం దగ్గర ఆ పద్ధతి నడవదు, ఏయర్స్ ఓపికే కావాలి.

కారు ఆకారం ఆ లెక్కల్లోంచే వచ్చింది. 16.5 మీటర్ల పొడవు, 3.7 మీటర్ల వెడల్పు. బరువైన ఇంజన్లు రెండూ ముందుకు, పక్కలకు జరిగాయి. మధ్యలో పైలట్. వెనక సన్నటి తోక, దానిమీద రెక్క. ములికి బరువు ముందూ ఈకలు వెనకా ఉన్న బాణం తిన్నగా పోయినట్టు, బరువు ముందుండి గాలి వెనక పట్టుకుంటే బండి దారి తప్పదు. అయితే ముందు భాగమంతా ఇంజన్లే ఆక్రమించాయి, చక్రాలు తిప్పడానికి చోటు లేదు. దాంతో బృందంలోని ఇంజనీరు గ్లిన్ బౌషర్ వెనక చక్రాలను తిప్పే ఏర్పాటు చేశాడు. అవి కూడా పక్కపక్కన పట్టవు కాబట్టి ఒకదాని వెనక ఒకటి, కొంచెం పక్కకు జరిపి పెట్టాడు. ధ్వనివేగంలో వెనక చక్రాలతో దారి మళ్ళించడమా అని అందరూ నోళ్ళు తెరిచారు. నమ్మకం కుదరడానికి ముందు ఒక మినీ కారును అదే పద్ధతిలో మార్చి నడిపి చూశారు. ముక్కు కోణం పని కంప్యూటరుకు అప్పగించారు. వేగాన్ని, చక్రాల మీది బరువును అది కొలుస్తూ, హైడ్రాలిక్ సస్పెన్షన్ ద్వారా కారు వంపును క్షణక్షణం సరిదిద్దేది. ఆ పని చూసినవాడు జెరెమీ బ్లిస్.

డబ్బు మాత్రం ఎప్పుడూ చాలలేదు. జోర్డాన్‌లోని అల్ జఫ్ర్ ఎడారిలో పరీక్షలయ్యాక కారునూ సామగ్రినీ అమెరికా చేర్చడానికి భారీ ఆంటనోవ్ విమానం కావలసి వచ్చింది. దాని ఇంధనం ఖర్చుకు నోబుల్ ఇంటర్నెట్‌లో జోలె పట్టాడు. అప్పటికి ఇంటర్నెట్ కొత్త. అభిమానులు గ్యాలన్ల లెక్కన ఇంధనం కొనిపెట్టారు, విమానం లేచింది.

1997 శరదృతువులో బ్లాక్ రాక్ మీద ఇద్దరు పోటీదారులున్నారు. ఒకరు నోబుల్ బృందం, ఇంకొకరు అరవైకి చేరిన బ్రీడ్‌లవ్. అంతకుముందు ఏడాది అదే ఎడారిలో బ్రీడ్‌లవ్ కొత్త జెట్ కారు 1,000 కిలోమీటర్లకు పైన పక్కగాలికి ఒరిగి, పక్కకు పడి పెద్ద వలయం తిరిగి, చూస్తున్నవాళ్ళ వాహనం పక్కనుంచి పోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. 1997లో ఇంజను దెబ్బతిని బ్రీడ్‌లవ్ పరుగు సాగలేదు. సెప్టెంబరు 25న గ్రీన్ 1,149 కిలోమీటర్లతో మొదట పాత రికార్డు చెరిపాడు. ఆ తర్వాత ధ్వనివేగం వంతు.

ధ్వనివేగం ఎంత? దీనికి ఒక్క జవాబు లేదు. అది గాలి ఉష్ణోగ్రతతో మారుతుంది. 20 డిగ్రీల దగ్గర గంటకు 1,235 కిలోమీటర్లు, సున్నా డిగ్రీల దగ్గర 1,193. అంటే మీకు ధ్వనిని దాటాలన్న పట్టుదల ఉంటే చలి ఉదయం ఎంచుకోవాలి. అంకెల రికార్డు కావాలంటే ఎండ పొద్దు మేలు, ధ్వని గీత ఇంకా పైకి జరుగుతుంది కాబట్టి ఆఘాత తరంగాల గొడవ కాస్త ఆలస్యంగా మొదలవుతుంది. అక్టోబరు 15 ఉదయం చల్లగా ఉంది. అప్పటి ధ్వనివేగం దాదాపు 1,204. కారు సగటు దానికి 1.02 రెట్లు. గ్రీన్ స్టీరింగును అటూ ఇటూ సరిదిద్దుతూ దారి నిలబెట్టాడు. ఆ పరుగుల ఫోటోల్లో కారు రెండు పక్కలా ఆఘాత తరంగం ఎడారి మన్నును లేపుతున్న గీత స్పష్టంగా కనిపిస్తుంది. దగ్గర్లోని గర్లాక్ ఊళ్ళోకి దాని చప్పుడు వినిపించింది. విమానంలో చక్ యేగర్ మొదటిసారి ధ్వనివేగం దాటి అప్పటికి సరిగ్గా యాభై ఏళ్ళ ఒక్కరోజు. 1979లో బడ్వైజర్ రాకెట్ కారు ముందే దాటిందని ఒక వాదన ఉంది. అది రాడార్ కొలత, రెండువైపుల సగటు కాదు, ఎఫ్ఐఏ గుర్తించలేదు. నేనూ గుర్తించను.

తర్వాత కథ అంత సంతోషంగా లేదు. స్టార్‌ఫైటర్ విమానపు మొండెంతో కట్టిన నార్త్ అమెరికన్ ఈగిల్‌ను 2019 ఆగస్టు 27న ఆరెగన్‌లోని ఆల్వర్డ్ ఎడారిలో నడుపుతూ జెస్సీ కూంబ్స్ మరణించింది. ఆమె ఆ రోజు సాధించిన 841 కిలోమీటర్లను గిన్నిస్ మహిళల రికార్డుగా తర్వాత గుర్తించింది. నేలమీది ఏదో వస్తువు తగిలి ముందు చక్రం దెబ్బతిని ఉంటుందని దర్యాప్తు అభిప్రాయపడింది. మళ్ళీ చక్రమే, మళ్ళీ నేలే.

బ్లడ్‌హౌండ్‌ను నోబుల్, గ్రీన్, ఏయర్స్ 2008లో ప్రకటించారు. లక్ష్యం గంటకు 1,000 మైళ్ళు. టైఫూన్ విమానపు ఇజె200 జెట్ ఇంజను, దానికి తోడు రాకెట్ పెట్టాలన్నది పథకం. నిధులు లేక 2018లో కంపెనీ చేతులెత్తేసింది. ఇయన్ వార్‌హర్స్ట్ అనే వ్యాపారి కొని నిలబెట్టాడు. 2019 నవంబరులో గ్రీన్ హాక్స్‌కీన్ పాన్ మీద జెట్‌తోనే 1,010 కిలోమీటర్లు చేశాడు. రాకెట్ బిగించే దశ రానేలేదు, మళ్ళీ డబ్బే. ఇంజను ఉంది, చక్రాలు ఉన్నాయి, ఏరిపెట్టిన నేల ఉంది. థ్రస్ట్ ఎస్ఎస్‌సి రికార్డు ఇంకా చెరగలేదు.

థ్రస్ట్-2, థ్రస్ట్ ఎస్ఎస్‌సి రెండూ ఇంగ్లండులో కోవెంట్రీ రవాణా మ్యూజియంలో ఉన్నాయి. ఆ ఊళ్ళో చదువుకుంటున్నవాళ్ళు మీలో ఉంటే, ఒక సెలవు రోజు వెళ్ళి చూడండి. ఇంజను గొట్టాల ముందు ఫోటో దిగండి, తప్పులేదు. కాని అక్కడే ఆగిపోకుండా వెనక్కి నడిచి, కాస్త వంగి, ఒకదాని వెనక ఒకటి పక్కకు జరిగి ఉన్న ఆ రెండు చక్రాల చోటు కూడా చూసి రండి.